విండోస్ 10 గడువు అయిపోయింది... షాపులో ఐదు సిస్టమ్స్, ఏం చేయమంటారు?

గవర్నర్‌పేట డీటీపీ | 16 అక్టోబరు 2025, రాత్రి 10:42

నమస్కారం అండీ. విజయవాడ గవర్నర్‌పేటలో చిన్న డీటీపీ సెంటర్ నాది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు, ఏడాది చివర్లో కాలెండర్లు. మొత్తం ఐదు సిస్టమ్స్. నాలుగు 2016లో కొన్నవి: ఐ3 ఆరో జనరేషన్, 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్‌డిస్క్. ఐదోది నా టేబుల్ మీదది, కాస్త కొత్తది, దానికి విండోస్ 11 ఉంది.

మొన్న 14తో విండోస్ 10కి సపోర్టు ఆపేశారు కదా. తెర మీద నోటీసు చూసి మా ఆపరేటర్ అమ్మాయి "సార్, రేపట్నుంచి ఇవి పనిచేయవంట" అని కంగారు పెట్టింది. సిస్టమ్స్ అమ్మే ఆయన్ని అడిగితే నాలుగూ మార్చాల్సిందే, ఒక్కోటి 38 వేలు అన్నాడు. ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడేమో "రూపాయి ఖర్చు లేదు మావయ్యా, విండోస్ తీసేసి ఉచితంగా దొరికే లినక్స్ వేసెయ్" అంటాడు. వాడికేం, పొద్దున్నే షట్టర్ ఎత్తేది నేను.

మా పనంతా పేజీలు కట్టే పేజ్‌మేకర్ 7, అను కంపెనీ తెలుగు ఫాంట్లు, ఫోటోషాప్, కోరల్. పన్నెండేళ్ల ఫైళ్లున్నాయి. కార్తీకం ముహూర్తాలు వచ్చేస్తున్నాయి, ప్రయోగాలకు టైమ్ లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

స్క్రూడ్రైవర్ బ్రాడీపేట | 16 అక్టోబరు, రాత్రి 11:05

ముందు టెన్షన్ పక్కన పెట్టండి సార్. సపోర్టు ఆగిందంటే మిషన్ ఆగినట్టు కాదు. రేపు పొద్దున కూడా మీ సిస్టమ్ ఎప్పట్లాగే లేస్తుంది. 2015 జులైలో వచ్చింది, పదేళ్లు నడిచింది. ఇకమీదట బయటపడే కన్నాలకు మాసికలు వేయరు, అంతే.

11కి ఎక్కదన్నది నిజమే. ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ నుంచి, పైగా టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు ఉండాలి. మీది ఆరు. దొడ్డిదారిన ఎక్కించే పద్ధతులున్నాయి, నేనూ ఇద్దరు ముగ్గురికి ఎక్కించాను. కానీ కూడు పెట్టే మిషన్‌కి ఆ పని చేయను. రేపు అప్‌డేట్ రాకపోతే తిట్లు నాకే.

ఇంకో ఏడాది గడువు కొనుక్కునే దారి ఉంది. ఈఎస్‌యూ అంటారు, 2026 అక్టోబరు 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బులు అక్కర్లేదు, లేదంటే 30 డాలర్లు. మీ వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి. అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అని కనిపిస్తుంది.

ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి. మీ విండోస్ అసలుదేనా?

గవర్నర్‌పేట డీటీపీ | 16 అక్టోబరు, రాత్రి 11:11

ఆ చివరి ప్రశ్నకు ఇన్‌బాక్స్‌లో జవాబు చెప్తాను.

పెంగ్విన్ తమ్ముడు | 17 అక్టోబరు, ఉదయం 7:30

😄 అన్నా, మీ మేనల్లుడు చెప్పింది కరెక్టే. లినక్స్ మింట్, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేయండి. మీ 4 జీబీలో హాయిగా నడుస్తుంది. ఇప్పుడున్న 22 సిరీస్‌కి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. లైసెన్స్ గొడవ లేదు, ఇన్‌బాక్స్‌లో జవాబు చెప్పుకోవాల్సిన పనీ లేదు.

ఇది పిల్లల ఆటబొమ్మ అనుకోకండి. ప్రపంచంలో మొదటి 500 సూపర్ కంప్యూటర్లు 2017 నవంబరు నుంచి అన్నీ లినక్స్ మీదే. మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది కూడా లినక్స్ కెర్నలే, అంటే సిస్టమ్ గుండెకాయ. కేరళలో సర్కారు బడులు ఎప్పటి నుంచో దీని మీదే నడుస్తున్నాయి. పదో తరగతి పిల్లలు వాడగా లేనిది మనం వాడలేమా?

మిర్చి లెక్కలు | 17 అక్టోబరు, ఉదయం 9:18

తమ్ముడూ, నాకు సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. నాకు కావాల్సింది ట్యాలీ. ట్యాలీ వాళ్లు లినక్స్‌కి సాఫ్ట్‌వేర్ ఇచ్చినప్పుడు నువ్వు చెప్పిందల్లా వింటాను.

సీజన్‌లో మా కొట్టు చూస్తే నీకు అర్థమవుతుంది. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు దిగుతుంటాయి, కాటా పడుతుంటుంది, రైతు తెల్లారుజామున ఊళ్లో బయల్దేరి వచ్చి తక్‌పట్టీ కోసం, అదే అమ్మకం లెక్క చీటీ కోసం నిలబడి ఉంటాడు. ఘాటుకి నేను తుమ్ముతూ ఎంట్రీ కొడుతుంటాను. జీఎస్‌టీ రిటర్నులు నెలనెలా వేయాలి, 11న జీఎస్‌టీఆర్-1, 20న 3బీ. ఆడిటర్ గారు అడిగేది ట్యాలీ బ్యాకప్. ఆయన ఆఫీసులో ట్యాలీ, కొనే ఎక్స్‌పోర్టర్ ఆఫీసులో ట్యాలీ. నేనొక్కణ్ణే విప్లవం చేసి ఎవరికి చూపించుకోవాలి?

ఆపరేటింగ్ సిస్టమ్ మనం ఎంచుకుంటాం అనుకుంటాం గానీ, దాన్ని ఎంచేది ఆడిటర్ గారే.

పెంగ్విన్ తమ్ముడు | 17 అక్టోబరు, ఉదయం 9:40

వైన్ అని ఒకటుంది బాబాయ్. విండోస్ సాఫ్ట్‌వేర్లని లినక్స్‌లో నడిపిస్తుంది. ట్యాలీని అందులో నడిపేవాళ్లు ఉన్నారు.

మిర్చి లెక్కలు | 17 అక్టోబరు, ఉదయం 9:44

ఉండొచ్చు. ఫిబ్రవరిలో లక్ష టిక్కీలు దిగిన రోజున అది మొరాయిస్తే, ఆ నడిపేవాళ్లు వచ్చి మా రైతులకి సమాధానం చెప్తారా?

కోడ్ కూలీ | 17 అక్టోబరు, మధ్యాహ్నం 1:20

తెనాలివాణ్ణి, హైదరాబాద్‌లో ఉద్యోగం, లంచ్ టైమ్‌లో రాస్తున్నాను. పగలంతా లినక్స్ సర్వర్లతోనే పని. ఇంట్లో మా ఆవిడ లాప్‌టాప్‌లో విండోస్. రెండూ మొరాయించడం కళ్లారా చూశాను కాబట్టి చెప్తున్నాను, "ఇది నమ్మకం, అది దండగ" అన్న మాట ఎవరు చెప్పినా నమ్మకండి.

2024 జులై 19, శుక్రవారం గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ మన టైమ్ ప్రకారం ఉదయం 9:39కి ఒక చిన్న ఫైలు వదిలింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకుంది. ఈలోగా మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ మిషన్లు నీలం తెర కప్పుకుని పడుకున్నాయి. మన దేశంలోనే విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కారణం ఏంటంటే, ప్రోగ్రామ్ 21 గడులు ఉంటాయనుకుని చదవబోయింది, వచ్చినవి 20. లేని ఇరవై ఒకటో గడిలో చెయ్యి పెట్టింది. మామూలు ప్రోగ్రామ్ అయితే అదొక్కటే మూసుకుపోయేది. ఇది కెర్నల్ లోపల కూర్చున్న డ్రైవర్ కాబట్టి మిషన్ మొత్తాన్ని పడగొట్టింది. తప్పు విండోస్‌ది కాదు, పడింది మాత్రం విండోసే. దాన్ని బాగుచేయడానికి ఒక్కో మిషన్ దగ్గరికీ మనిషి నడిచి వెళ్లాల్సి వచ్చింది.

పెంగ్విన్ తమ్ముడు సంబరపడేలోపు రెండోది కూడా చెప్పేస్తా. అదే ఏడాది మార్చిలో ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్లను కుదించే కంప్రెషన్ లైబ్రరీలో దొంగతలుపు బయటపడింది. దాదాపు ప్రతి లినక్స్‌లో ఉండే లైబ్రరీ అది. ఎవరో ఓపిగ్గా రెండేళ్లు మంచివాడిలా సాయం చేసి, నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరుకి లాగిన్ అర సెకను ఆలస్యం అవుతున్నట్టు అనిపించి, ఎందుకని తవ్వితే దొరికింది. ఆ అర సెకను ఆయన పట్టించుకోకపోతే మా సర్వర్ల గతి ఏమయ్యేదో! ఇంకో తమాషా, ఆయన పనిచేసేది మైక్రోసాఫ్ట్‌లో.

పెంగ్విన్ తమ్ముడు | 17 అక్టోబరు, మధ్యాహ్నం 1:32

సోర్స్ అందరికీ కనపడబట్టే కదన్నా తవ్వగలిగాడు.

కోడ్ కూలీ | 17 అక్టోబరు, మధ్యాహ్నం 1:35

ఒప్పుకుంటా. కానీ తవ్వింది ఒక్కడు. మిగతావాళ్లమంతా నీలాగే, నాలాగే, "ఎవరో ఒకరు చూస్తుంటారులే" అనుకునేవాళ్లం.

బుడమేరు బాధితురాలు | 17 అక్టోబరు, రాత్రి 8:55

మీ వాదనలు బాగున్నాయి గానీ, డీటీపీ అన్నయ్య గారూ, పన్నెండేళ్ల ఫైళ్లు అన్నారు. అవి ఎక్కడ ఉన్నాయో చెప్పలేదు. అందుకే రాస్తున్నాను.

సింగ్ నగర్‌లో మాకు నెట్ సెంటర్ ఉంది. పోయిన ఏడాది సెప్టెంబరు 1, ఆదివారం. శనివారం రాత్రి షాపు కట్టేసి వచ్చాం, వాన పడుతూనే ఉంది. ఆదివారం పొద్దున్నకి వీధిలో మోకాలి లోతు, మధ్యాహ్నానికి నడుం దాటింది. మేం మేడ మీదికి ఎక్కాం. షాపు తాళాలు నా చేతిలోనే ఉన్నాయి, షాపు దగ్గరికి పోయే దారి లేదు.

నీళ్లు తీశాక వెళ్లి షట్టర్ ఎత్తితే లోపల జానెడు బురద. మూడు సీపీయూలు కింద నేల మీదే పెట్టేవాళ్లం, కాళ్ల దగ్గర. మూతలు తీస్తే ఫ్యాన్ రెక్కల మధ్య నల్లటి బురద గట్టిపడిపోయి ఉంది, గోరుతో గీకితే పెచ్చులుగా వచ్చింది. అందులో ఒక దాంట్లో విండోస్ 7, ఒక దాంట్లో 10, ఒక దాంట్లో మా తమ్ముడు వేసిన ఉబుంటు. బుడమేరు వాగుకి తేడా తెలియలేదు.

బ్యాకప్ ఉంది మాకు! ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొని, ప్రతి శనివారం కాపీ చేసేదాన్ని. ఆ హార్డ్‌డిస్క్ టేబుల్ కింది సొరుగులో పెట్టేదాన్ని.

స్క్రూడ్రైవర్ బ్రాడీపేట | 17 అక్టోబరు, రాత్రి 9:10

అయ్యో. ఆ డిస్కులు ఏం చేశారమ్మా?

బుడమేరు బాధితురాలు | 17 అక్టోబరు, రాత్రి 9:14

ఎవరో చెప్తే రెండు రోజులు బియ్యం డబ్బాలో పెట్టాను. తర్వాత ఎండలో పెట్టి, కరెంటు పెట్టి చూశాను. గర్ర్‌మని ఆగిపోయింది.

స్క్రూడ్రైవర్ బ్రాడీపేట | 17 అక్టోబరు, రాత్రి 9:26

అందరి కోసం చెప్తున్నా, ఆవిడ తప్పు పట్టడానికి కాదు. హార్డ్‌డిస్క్‌కి గాలాడే చిన్న రంధ్రం ఉంటుంది. వరద నీరు అందులోంచి పోతుంది. లోపల పళ్లెం మీద తల ఎగురుతుండే ఎత్తు వెంట్రుక మందం కూడా కాదు, అక్కడ బురద రేణువు ఉంటే కరెంటు పెట్టగానే గీసేస్తుంది. అందుకని తడిసిన డిస్కుకి కరెంటు పెట్టకూడదు, ఎండలో పెట్టకూడదు, బియ్యం వల్ల ఉపయోగం లేదు. తడి గుడ్డలో చుట్టి కవర్లో పెట్టి డేటా రికవరీ చేసేవాళ్లకి ఇవ్వాలి. ఖర్చు వేలల్లో ఉంటుంది, దొరుకుతుందన్న హామీ కూడా ఉండదు. ఆ వరదలప్పుడు బెజవాడ నుంచి మా దగ్గరికి సంచుల్లో వేసుకొచ్చారు డిస్కుల్ని. సగం మంది అప్పటికే కరెంటు పెట్టి చూసేశారు.

గవర్నర్‌పేట డీటీపీ | 17 అక్టోబరు, రాత్రి 10:02

చెల్లెమ్మా, ఇది చదివి లేచి వెళ్లి చూసుకున్నాను. నా ఎక్స్‌టర్నల్ డిస్కు కూడా షాపులోనే ఉంది. అసలు సిస్టమ్ పక్కనే. ఆఖరి కాపీ ఫిబ్రవరిది.

మాస్టారు పటమట | 18 అక్టోబరు, ఉదయం 6:15

రిటైరైన తెలుగు లెక్చరర్ని. యంత్రాల సంగతి నాకు అంతగా పట్టదు, అక్షరాల సంగతి కొంచెం తెలుసు. డీటీపీ గారూ, మీ పన్నెండేళ్ల ఫైళ్లలో ఉన్నది తెలుగు అని మీరనుకుంటున్నారు. కంప్యూటర్ దృష్టిలో అది తెలుగు కాదు.

పాత ఫాంట్ల పద్ధతేమిటంటే, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉండే గడుల్లో తలకట్టో, ఏత్వమో, ఒత్తో బొమ్మగా కూర్చోబెట్టేవారు. ఆ ఫాంటు ఉన్నంతసేపు తెర మీద "కల్యాణం" కనిపిస్తుంది. ఫాంటు తీసేస్తే ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, చుక్కలు. 2004లో నా వ్యాససంపుటి ఒకటి డీటీపీ చేయించాను. ఆ షాపు మూసేశారు, సీడీ మాత్రం నా దగ్గరుంది. ఈ మధ్య మనవడు తెరిచి "తాతయ్యా, ఇది పాస్‌వర్డా?" అన్నాడు. పాస్‌వర్డు కాదురా, తిక్కన గారి మీద నేను రాసిన వ్యాసం.

ప్రతి భాష అక్షరాలకీ విడివిడిగా గడులు కేటాయించే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగుకి 1991లో మొదటి వెర్షన్‌లోనే సొంత గడులు ఇచ్చారు. మీరు తగువులాడుకుంటున్న లినక్స్ పుట్టిందీ ఆ ఏడాదే. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. దేశికాచారి గారి పోతన, వేమన ఫాంట్లు ఎంతమంది చేత తెలుగు టైపు చేయించాయో! అయినా మన అచ్చు ప్రపంచం పాత ఫాంట్లు వదల్లేదు. వంకలు లేవనను, అందమైన అక్షరాలు అక్కడే ఉండేవి, ఆపరేటర్ల వేళ్లు ఆ కీబోర్డుకి అలవాటు పడ్డాయి.

ఈరోజు నేను వాట్సాప్‌లో పంపిన మేటర్‌ని మీ ఆపరేటర్ చూసి మళ్లీ మొదటి నుంచి టైపు చేస్తుందా, లేదా? నిజం చెప్పండి.

గవర్నర్‌పేట డీటీపీ | 18 అక్టోబరు, ఉదయం 8:50

చేస్తుంది మాస్టారూ. కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర తేడా వస్తోందని అమ్మాయి నమ్మదు. టైపు చేసి, ప్రూఫు తీసి, మళ్లీ కస్టమర్‌కి వాట్సాప్‌లోనే ఫోటో పంపుతాం. రాసి చూస్తే నవ్వొస్తోంది.

బెంజి సర్కిల్ బ్యాచ్ | 18 అక్టోబరు, ఉదయం 10:30

ఇదంతా ఎందుకండీ, మ్యాక్ కొనుక్కోండి. వైరస్ లేదు, హ్యాంగ్ లేదు, జీవితాంతం ప్రశాంతత.

మాస్టారు పటమట | 18 అక్టోబరు, ఉదయం 11:02

నాయనా, 2018 ఫిబ్రవరిలో ఆ మ్యాక్ చేసే ఆపిల్ కంపెనీ ఫోన్లు ఒక్క తెలుగు అక్షరం చూసి మూర్ఛపోయాయి, గుర్తుందా? "జ్ఞా". మనం మామూలుగా రాసే జ్ఞా కాదు, మధ్యలో కంటికి కనిపించని విడదీసే గుర్తు ఒకటి ఉంటే చాలు. అది మెసేజ్‌లో వస్తే ఆ యాప్ తెరుచుకునేది కాదు, నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే మొరాయించేది. ఆ నెల 19న 11.2.6 అని అప్‌డేట్ ఇచ్చి సర్దుకున్నారు. వేలకు వేలు పోసి కొన్న యంత్రం జ్ఞానం అన్న మాటలో మొదటి అక్షరం మోయలేకపోయిందని మా స్టాఫ్‌రూమ్‌లో వారం రోజులు నవ్వుకున్నాం.

బెంజి సర్కిల్ బ్యాచ్ | 18 అక్టోబరు, ఉదయం 11:05

🙏 మాస్టారూ, దండం.

పెంగ్విన్ తమ్ముడు | 18 అక్టోబరు, సాయంత్రం 5:48

మాస్టారు చెప్పినదాంట్లోనే నా పాయింటు ఉంది. స్క్రైబస్ అని పేజ్‌మేకర్ లాంటిదే ఉచితంగా ఉంది. 2024 జనవరిలో 1.6 వచ్చింది, ఒత్తులు చక్కగా పడతాయి. సిలికానాంధ్ర వాళ్లు ఇచ్చిన ఫాంట్లు, మండలి, రామభద్ర, మల్లన్న, అన్నీ యూనికోడే, అన్నీ ఉచితమే. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో అన్నా! అంటే అది నాకంటే పెద్దది.

మిర్చి లెక్కలు | 18 అక్టోబరు, సాయంత్రం 6:01

నీకంటే పెద్దది కాబట్టే పనిచేస్తోంది.

పెంగ్విన్ తమ్ముడు | 18 అక్టోబరు, సాయంత్రం 6:03

మీలాంటివాళ్ల వల్లే మన దగ్గర ఏదీ మారదు.

నిర్వాహకుడు | 18 అక్టోబరు, సాయంత్రం 6:20

ఇద్దరూ కాస్త తగ్గండి. దీని తర్వాత వచ్చిన నాలుగు పోస్టులు తీసేశాను. అందులో ఒకదాంట్లో మిరపకాయ బజ్జీల ప్రస్తావన బాగుంది గానీ సబ్జెక్టు కాదు.

కోడ్ కూలీ | 18 అక్టోబరు, రాత్రి 9:15

డీటీపీ గారూ, ఒక ప్రశ్న. మీ షాపులోకి బయటి ఫైళ్లు ఎలా వస్తాయి?

గవర్నర్‌పేట డీటీపీ | 18 అక్టోబరు, రాత్రి 9:30

సగం వాట్సాప్‌లో, సగం పెన్‌డ్రైవుల్లో. కాలేజీ పిల్లలు ప్రాజెక్టు రిపోర్టులు తెస్తారు. ఏ సిస్టమ్ ఖాళీగా ఉంటే దాంట్లో గుచ్చేస్తాం. నెలకోసారి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోతాయి, అప్పుడు ఎవర్నో ఒకర్ని పిలుస్తాం.

కోడ్ కూలీ | 18 అక్టోబరు, రాత్రి 9:52

అదీ సంగతి. మీరు "ఐదు సిస్టమ్స్‌కి ఏ ఓఎస్" అని అడుగుతున్నారు. ఐదూ ఒకే పని చేయనక్కర్లేదు కదా.

వానాక్రై అనే వైరస్ వచ్చింది 2017 మేలో. దానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. అప్‌డేట్ వేసుకోనివాళ్లే దొరికిపోయారు, మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని తగులుకున్నాయి. అది నెట్‌వర్క్‌లో ఒక మిషన్ నుంచి పక్క మిషన్‌కి దానంతటదే పాకింది. కాబట్టి చూడాల్సింది వీధి తలుపు.

ఒక పాత సిస్టమ్‌లో మింట్ వేసి దాన్ని గుమ్మం దగ్గర పెట్టండి. వాట్సాప్ వెబ్, మెయిల్, కస్టమర్ పెన్‌డ్రైవులు, పీడీఎఫ్ ప్రింట్లు అన్నీ అక్కడే. ఆ షార్ట్‌కట్ వైరస్‌లు విండోస్ కోసం రాసినవి, అక్కడ ఉత్త ఫైళ్లలా పడి ఉంటాయి, చూసి తీసేయొచ్చు. పేజ్‌మేకర్ నడిచే సిస్టమ్స్‌కి నెట్ వైరు పీకేయండి. పేజ్‌మేకర్‌కి ఇంటర్నెట్‌తో ఏం పని?

స్క్రూడ్రైవర్ బ్రాడీపేట | 18 అక్టోబరు, రాత్రి 10:04

మంచి మాట. అలా పీకినవాటికి ఈఎస్‌యూ కూడా అంత అర్జెంటు కాదు. డబ్బు ఉంటే ముందు హార్డ్‌డిస్క్ బదులు వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ, తర్వాత ఇంకో 4 జీబీ ర్యామ్. ర్యామ్ రేట్లు పెరుగుతున్నాయి, త్వరగా తీసుకోండి. "విండోస్ పాడైంది" అని నా దగ్గరికి వచ్చేవాటిలో చాలావాటికి మూత తీస్తే హార్డ్‌డిస్క్ టిక్కు టిక్కుమంటూ ఉంటుంది. జనం తిట్టేది విండోస్‌ని. ఇంకోటి, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడు మార్చారు?

గవర్నర్‌పేట డీటీపీ | 18 అక్టోబరు, రాత్రి 10:06

మార్చాలా?

బుడమేరు బాధితురాలు | 28 అక్టోబరు, మధ్యాహ్నం 12:40

తుపాను కదా, ఊరికే పలకరిద్దామని. మా షాపులో ఇప్పుడు సీపీయూలన్నీ గోడకి కొట్టించిన స్లాబు మీద, నా తల ఎత్తులో ఉన్నాయి. పవర్ బటన్ నొక్కాలంటే స్టూలు ఎక్కాలి. డిస్కు నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. మొంథా వచ్చినా ఎవరొచ్చినా ఇవాళ నిద్రపోతాను. అన్నయ్య గారూ, మీ డిస్కు ఎక్కడుంది?

గవర్నర్‌పేట డీటీపీ | 6 డిసెంబరు, రాత్రి 9:20

ఆలస్యానికి క్షమించాలి. కార్తీకమంతా ఊపిరి ఆడలేదు. ఇప్పుడు మూఢం, పెళ్లి కార్డులు లేవు, కాలెండర్లు తప్ప పని లేదు. చేసినవన్నీ చెప్తాను.

రెండు సిస్టమ్స్‌కి ఎస్‌ఎస్‌డీ వేయించాను. పేజ్‌మేకర్ అలాగే ఉంది, నెట్ వైరు పీకేశాం. ముందు ఇదేదో వెలివేసినట్టుందని అమ్మాయి అలిగింది. పొద్దున్న స్విచ్ వేసి టీ తాగి వచ్చేలోపు కాకుండా, కుర్చీ లాక్కునేలోపే తెర రావడం చూసి అలక తీరింది. మూడోది ఈఎస్‌యూలో పెట్టాం. (స్క్రూడ్రైవర్ గారూ, అది అసలుదే.)

నాలుగోదాంట్లో మా మేనల్లుడు మింట్ వేశాడు. మొదటి రోజు ఏడిపించింది. షాపులో ఉన్న పాత లేజర్ ప్రింటర్ దానికి పలకలేదు, వాడు రాత్రి పదకొండు దాకా కూర్చుని, చివరికి ఆ ప్రింటర్‌ని నా సిస్టమ్‌కి తగిలించి, పక్కనున్న ఇంకో ప్రింటర్‌ని దీనికి పెట్టాడు. వైన్‌లో పేజ్‌మేకర్ కూడా వేసి చూశాడు. తెరుచుకుంది, కానీ మా తెలుగు కీబోర్డు అందులో పలకలేదు. మళ్లీ ఆ జోలికి పోలేదు. తమ్ముడూ, నీ మీద కోపం లేదు.

కానీ గుమ్మం దగ్గర అది బ్రహ్మాండంగా ఉంది. నెల దాటింది, ఒక్కసారి కూడా ఫోల్డర్లు షార్ట్‌కట్లు అవలేదు. ఒక కుర్రాడి పెన్‌డ్రైవ్ గుచ్చితే వింత వింత ఫైళ్లు పదకొండు కనిపించాయి, వాడికే చూపించి తీసేశాం. మింట్ అంటే ఏంటని అమ్మాయి అడిగితే పుదీనా అని చెప్పాను. అప్పట్నుంచి షాపులో దాని పేరు అదే. "పెన్‌డ్రైవ్ పుదీనాలో పెట్టండి" అని కస్టమర్లకి చెప్తుంటే వాళ్లు బిత్తరపోతున్నారు.

మాస్టారూ, మీరు అన్న మాట మనసులో పడింది. ఈసారి ఒక చిట్ ఆఫీసు వాళ్ల కాలెండర్‌కి పంతులు గారు తిథులు, వర్జ్యాలు వాట్సాప్‌లో పంపారు. పుదీనాలో స్క్రైబస్ తెరిచి అలాగే అతికించాం. టైపు చేయలేదు. పన్నెండు నెలల మేటర్, మామూలుగా అయితే నాలుగు రోజుల టైపు, రెండుసార్లు ప్రూఫు. "జ్యేష్ఠ"లో ఒత్తు సరిగ్గా పడిందా అని అమ్మాయి తెర దగ్గరికి మొహం పెట్టి మూడుసార్లు చూసింది. పడింది. పండగల పేర్లకి మాత్రం పాత ఫాంటు అందమే వేరని పేజ్‌మేకర్‌లో చేసి బొమ్మగా తెచ్చి పెట్టింది.

మాస్టారు పటమట | 7 డిసెంబరు, ఉదయం 6:05

ఆ కాలెండర్ ఒకటి నాకు తీసి ఉంచండి. నా సీడీ పట్టుకుని వస్తాను. తిక్కన గారిని బయటికి తీయగలరేమో చూద్దాం.

మిర్చి లెక్కలు | 7 డిసెంబరు, ఉదయం 9:30

మా కొట్లో కూడా పాత సిస్టమ్ ఒకటి మూల పడి ఉంది. దాంట్లో ఆ పుదీనా వేసి జీఎస్‌టీ పోర్టల్, మెయిళ్లు అక్కడ చూసుకోవచ్చా? మాది కంపెనీ కాదు, డిజిటల్ సంతకం టోకెన్ అక్కర్లేదు, ఓటీపీతో అయిపోతుంది. ట్యాలీ మాత్రం కదపను, ముందే చెప్తున్నా.

పెంగ్విన్ తమ్ముడు | 7 డిసెంబరు, ఉదయం 9:31

బాబాయ్!!! ఆదివారమే కదా, మధ్యాహ్నం నేనే యార్డుకి వస్తా.

మిర్చి లెక్కలు | 7 డిసెంబరు, ఉదయం 9:33

ఆదివారం యార్డు ఉండదు. రేపు రా. కర్చీఫ్ తెచ్చుకో.

బుడమేరు బాధితురాలు | 7 డిసెంబరు, ఉదయం 10:15

అన్నయ్య గారూ, అంతా రాశారు. నేను అడిగినదానికి మాత్రం ఇంకా జవాబు రాలేదు.

గవర్నర్‌పేట డీటీపీ | 7 డిసెంబరు, ఉదయం 10:40

షాపులోంచి తీసేశాను చెల్లెమ్మా. ఇంటికి తీసుకెళ్దామని స్కూటర్ డిక్కీలో పెట్టాను.

స్క్రూడ్రైవర్ బ్రాడీపేట | 7 డిసెంబరు, ఉదయం 10:42

ఎప్పుడు పెట్టారు సార్?

గవర్నర్‌పేట డీటీపీ | 7 డిసెంబరు, ఉదయం 10:51

తుపాను ముందు రోజు. ఇప్పుడే వెళ్లి దించుతున్నాను.